చిన్నకోడలి డ్యూటీ చార్టు

ప్రయాణం రోజు పొద్దున లేవగానే చిన్నకోడలు చేసిన మొదటి పని తన ఫోను ఆపేయడం. రెండో పని కాఫీ పెట్టుకోవడం. పంతొమ్మిది మందిని మధ్యధరా సముద్రంలోని ఒక దీవికి తీసుకెళ్లవలసిన మనిషి ఆ వేళప్పుడు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని కాఫీ తాగుతుంటే చూసేవాళ్లకు వింతగానే ఉండేది. కానీ చూడటానికి ఇంట్లో ఎవరూ లేరు. భర్తనూ ఇద్దరు కూతుళ్లనూ ముందురోజు సాయంత్రమే ఆడపడుచు ఇంటికి తరిమేసింది, అక్కడివాళ్లను లేపి బయల్దేరదీసే బాధ్యత అప్పగించి.

ఆడపడుచుకూ తోడికోడలికీ మాత్రం ఒకే మాట చెప్పింది. విమానాశ్రయంలో పదింటికి కలుసుకోవాలి, మీ మీ వాళ్లకు మీరే చెప్పుకోండి, రేపు నా ఫోను పలకదు, సాకులు వినే ఓపిక నాకు లేదు. నిజానికి పదింటికి అక్కడ ఎవరికీ పని లేదు. కౌంటరు మూసేది ఒకటిన్నరకు. పన్నెండున్నరకు చేరితే చాలు. ఆ సంగతి తెలిసింది ఆమె ఒక్కదానికే. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

ఆమె బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేస్తుంది. ఆరింటి బస్సుకు డ్రైవరును ఐదున్నరకు రమ్మని రాయడం ఆమెకు పదహారేళ్ల అలవాటు. డ్రైవర్లకు అరగంట సరిపోతుంది. అత్తింటివాళ్లకు రెండున్నర గంటలు కావాలని ఆమె ఊరికే తేల్చలేదు. రెండేళ్లపాటు పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో గడియారం చూసి మరీ లెక్క తీసింది. ఒక కాగితం మీద అందరినీ వరసగా రాసి, ఎదురుగా ఎవరి సగటు ఆలస్యం వాళ్లకు వేసింది. ఆడపడుచుకు నలభై నిమిషాలు, బావగారికి గంటా పది. మామగారికి సున్నా. తన పేరుకు ఎదురుగా ఉన్న గడిని అవసరం లేదని ఖాళీగా వదిలేసింది. ఆ కాగితాన్నీ, పంతొమ్మిది మంది పాస్‌పోర్టులనూ డిపో నుంచి తెచ్చిన ఒక ఆకుపచ్చ ఫైల్లో పెట్టి, ఎవరి చేతికీ ఇవ్వకుండా కాపలా కాసింది. వేళ రాసి ఉన్న టికెట్లు మాత్రం తన ఫోన్లోనే దాచుకుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే మామగారి కోసం. ఆయన ముప్పయ్యేళ్లు సరుకుల ఓడల్లో వంట చేశారు. ఏడాదికి నాలుగుసార్లు ఆ దీవి రేవులో ఓడ ఆగేది. మిగతావాళ్లు దిగి ఊరు చూసొచ్చేవాళ్లు. వంటవాడికి మాత్రం దిగే వీలుండేది కాదు. మూడేళ్ల కిందట అందరూ కలిసి ఆయన్ను అక్కడికి తీసుకెళదామని బయల్దేరారు. ఒకరు కళ్లజోడు వెతుక్కుంటూ, ఇంకొకరు తాళం వేశామో లేదో చూడ్డానికి వెనక్కెళ్తూ, విమానం కాస్తా వెళ్లిపోయింది. ఆయన ఇంటికొచ్చి పెట్టెలోని బట్టలు తీసి బీరువాలో సర్దుకున్నారు, మళ్లీ ఎప్పుడూ ఆ దీవి ఊసెత్తలేదు. ఆ బీరువా తలుపు మూసిన చప్పుడు చిన్నకోడలి చెవుల్లోంచి పోలేదు. ఇప్పుడాయనకు డెబ్భై ఎనిమిది. ఈసారి ఆరునూరైనా విమానం ఎక్కించి తీరాలనుకుంది.

అయితే ఆ ఇంట్లో జాగ్రత్తపరురాలు తనొక్కతే అనుకోవడం ఆమె పొరపాటు. వాళ్ల ఆలస్యాల సంగతి వాళ్లకూ తెలుసు. తోడికోడలు తన భర్త బద్ధకం ఎరిగినది కనుక బావగారికి ఎనిమిదింటికని చెప్పింది. బావగారు, పెద్దాయన్ను తొందరపెట్టడం ఇష్టంలేక, తండ్రికి ఏడింటికని చెప్పారు. ఆడపడుచు తన వైపువాళ్లందరికీ ఏడున్నర అంది. అక్కడున్న చిన్నకోడలి భర్త అది విని, తన భార్యే వేళ మార్చిందనుకుని నోరెత్తలేదు. ఒకరు తగ్గించిన సంగతి ఇంకొకరికి తెలియదు. ఇక మామగారు ఓడ మనిషి, ఏ రేవుకైనా రెండు గంటల ముందు సిద్ధంగా ఉండటం ఆయన పద్ధతి. తెల్లవారుతూనే, సరిగ్గా ఐదింటికి, పెట్టె పక్కన పెట్టుకుని విమానాశ్రయం కుర్చీలో కూర్చున్నారు.

ఆరింటికి బావగారు లేచి చూస్తే తండ్రి పక్క ఖాళీ, పెట్టె లేదు, టోపీ లేదు. ఆయన ఎక్కడికెళ్లి ఉంటారో ఊహించి, స్నానాలు మాని అందరూ పరుగెత్తారు. ఆడపడుచు బృందం కూడా వచ్చి కలిసింది. ఎనిమిదింటికల్లా పద్దెనిమిది మంది చేరిపోయారు. ఆ వంశంలో అలా జరగడం అదే మొదటిసారి. ఒకరినొకరు చూసుకుని ముక్కున వేలేసుకున్నారు. చిన్నకోడలు చెప్పిన వేళ పదని అప్పుడు బయటపడింది.

పదయింది. చిన్నకోడలు రాలేదు. పదీ పది అయింది. ఇతరుల చేత గంటలు గంటలు ఎదురుచూయించిన ఆ మనుషులు పది నిమిషాలకే తల్లడిల్లిపోయారు. ఆమె ఎన్నడూ ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చి ఎరగదు. పైగా ఫోను పలకడం లేదు. నిన్న గొంతు నీరసంగా ఉందని ఒకరన్నారు, మొహం కూడా వాడిపోయిందని ఆమెను వారం రోజులుగా చూడనివాళ్లు అన్నారు. స్నానాలగదిలో జారిపడి ఉంటుందని ఆడపడుచు తేల్చింది. భర్త ఇంటికి బయల్దేరితే వద్దన్నా వినకుండా అందరూ వెంటపడ్డారు. నాలుగు కార్లు కదిలాయి. మామగారొక్కరే కదల్లేదు. రేవులో ఒక మనిషైనా ఉండాలని కూర్చుండిపోయారు.

వాళ్లు ఇంటి వీధి మలుపు తిరుగుతున్న వేళకు చిన్నకోడలు ఇంకో దారిన విమానాశ్రయానికి వెళ్తోంది. చీర నలగకుండా కూర్చుంది. పన్నెండుంపావుకు అక్కడ దిగింది. అనుకున్నట్టే ఎవరూ లేరు, ఒక్క మామగారు తప్ప. ఆమెకు తన చార్టు మీద గౌరవం పెరిగింది.

"ఎప్పుడొచ్చారు మామయ్యగారూ?"

"ఐదింటికమ్మా. మిగతావాళ్లు ఎనిమిదింటికొచ్చారు. నీకేమైందోనని ఇంటికెళ్లారు."

ఆయన్ను కంగారు పెట్టకూడదని, "ఫరవాలేదండీ, కాగితాలన్నీ నా దగ్గరే ఉన్నాయి" అంటూ సంచిలోంచి ఆకుపచ్చ ఫైలు తీసి తెరిచింది. అందులో పాస్‌పోర్టులు లేవు. వచ్చే వారం ఏ డ్రైవరు ఏ బస్సెక్కాలో ఉంది. సెలవులో తన బదులు పనిచేసే ఆయనకు ఇవ్వాల్సిన డిపో ఫైలు అది. రెండు ఫైళ్లూ ఒకే బల్ల మీద, ఒకే రంగులో ఉన్నాయి. అందరి పొరపాట్లకూ నిమిషాలతో సహా లెక్క కట్టిన చిన్నకోడలు మామగారి పక్క కుర్చీలో కూలబడిపోయింది. పొద్దున ఆపేసిన ఫోను వెలిగించింది.

భర్త మొదటి మోతకే ఎత్తాడు. అతను ఇంట్లోనే ఉన్నాడు, అందరూ అక్కడే ఉన్నారు. బల్ల మీది ఫైలూ కనిపించింది, అందులోని కాగితాన్నీ అందరూ చదివేశారు. బావగారు తన గంటా పది ఎక్కడిదో లెక్క వేసుకుంటున్నారు.

"ఏవండీ, ఆ ఫైలు తీసుకుని ఉన్నపళాన బయల్దేరండి. ఒకటిన్నరకు మూసేస్తారు."

ఫోను ఆడపడుచు లాక్కుంది. "నీ ఒకటిన్నర అంటే అసలు ఎంతమ్మా? నాలుగా?"

"ఒకటిన్నరే వదినా. నిజంగా ఒకటిన్నరే."

"పదన్నప్పుడూ ఇలాగే అన్నావు. మేం భోంచేసి వస్తాం. నలభై నిమిషాల మనుషులం కదా."

చిన్నకోడలు ఎంత చెప్పినా అది మూడింటికని, కాదు మూడున్నరకని అటువైపు బేరాలు వినిపిస్తూనే ఉన్నాయి. నిజం చెప్పాక కూడా నమ్మేవాళ్లు లేకపోవడం ఎలా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది. మామగారు చెయ్యి చాపి ఫోను తీసుకున్నారు.

"ముప్పయ్యేళ్లు ఆ దీవిని వంటగది కిటికీలోంచి చూశాను. దిగుదామంటే పొయ్యి మీద ఏదో ఒకటి ఉండేది. ఇవాళ ఏమీ లేదు. రండమ్మా."

అటువైపు కుర్చీలు జరిగిన చప్పుడు, చెప్పుల చప్పుడు.

ఒకటీ ఇరవై ఆరుకు నాలుగు కార్లూ వచ్చి ఆగాయి. ఆడపడుచు చెప్పులు చేత్తో పట్టుకుని అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చి, ఆకుపచ్చ ఫైలు కౌంటరు మీద పెట్టింది. అక్కడి అమ్మాయి పంతొమ్మిది మందినీ లెక్కపెట్టుకుంది, వెనకాల గొలుసు అడ్డం వేసేసింది. వాళ్లు అన్ని గంటల ముందు రాకపోతే తన కోసం బెంగపడేవాళ్లు కాదు, ఇంటికి వెళ్లేవాళ్లు కాదు, ఫైలు ఇంటి బల్ల మీదే ఉండిపోయేది. ఇదంతా చిన్నకోడలికి వరసగా అర్థమైంది. ఎవరి మొహమూ చూడలేక వదిన చెయ్యి మాత్రం పట్టుకుంది. ఆడపడుచు విడిపించుకోలేదు.

విమానం లేచాక మామగారికి కిటికీ పక్క సీటిచ్చారు. ఆయన కిటికీ మూసేశారు, ఈసారి దిగి చూస్తానని. చిన్నకోడలు తేలికపడిన మనసుతో పాస్‌పోర్టులు సర్దుదామని ఫైలు తెరిచింది. కాగితం మీద ఖాళీగా వదిలిన గడి ఇప్పుడు ఖాళీగా లేదు.

మామగారొచ్చిన ఐదింటి నుంచి లెక్క కట్టి, ఆడపడుచు దస్తూరీలో కుదురుగా రాసి ఉంది: చిన్నకోడలు, ఏడుంపావు గంటలు.