ముప్పైఏడవ తీగపై దండయాత్ర

అది పగటి పది గంటల శుభసమయము, ఏసీ యంత్రము నుండి బకెట్టులోనికి బిందుపాతము నిరంతరాయముగా సాగుచున్న ఆసుపత్రి మూడవ అంతస్తు, అందొక మూలగది, ఆ గదిలో చల్లారిన కాఫీని మూడవ మారు వేడిచేసి మూడవ మారు మరచిన సమీకరణధురంధర, తోటివారిచే లెక్కలక్క యని పిలువబడునది, కంప్యూటరు తెరపై కన్నెఱ్ఱజేసి కూర్చుండెను.

మూర్ఛవేళ మెదడులోని ప్రాంతములు జంటలుగా మాత్రమే గాక ముగ్గురు నలుగురు కూడి గుంపు కట్టునని నమ్మి, ఆ గుంపులను లెక్కగట్టుట ఆమె పని. కింది వార్డులో పదునాలుగేండ్ల పిల్ల తలనుండి, మూర్ఛ పుట్టుచోటు పట్టుటకై అమర్చిన నూటనాలుగు తీగలు వెలువడుచుండెను. పదకొండింటికి సర్జను గారు లెక్కలక్క వ్రాసిన గుంపుల జాబితా చూచి, ఎక్కడ కోయవలెనో తేల్తురు.

అంతవరకు వచ్చిన ఆరు మూర్ఛలలోను ఏ గుంపు చూచినను ముప్పైఏడవ తీగయే నాయకుడు. అది తగులుచోటు మాటలు పుట్టుచోటు. అచట కత్తి పెట్టినచో పిల్ల నోట మాట పోవచ్చును.

"ఓయి ముప్పైఏడవ తీగా, పిలువని గుంపులందెల్ల పెత్తనము చేయు దురభిమానీ, నా సమీకరణశరపరంపర నీపై కురియకముందే నిజము చెప్పుము" అని లెక్కలక్క నోరు మెదపకయే గర్జించి, ప్రోగ్రామును తొమ్మిది మారులు నడిపెను. తొమ్మిది మారులును తీగయే గెలిచెను.

అంత ఆమె అస్త్రసన్న్యాసము గావించి, లిఫ్టు రానందున మెట్లు దిగి టెక్నీషియనును ఆశ్రయించెను. అతడు బిస్కెట్టు నములుచు, ఆ తీగ క్లిప్పు మొదటిరోజు నుండియు వదులేననియు, ఎవరైనను ముట్టినగాని తెరపై దాని గీత గెంతదనియు సెలవిచ్చెను. ఇన్నాళ్లేల చెప్పలేదనిన, ఎవరూ అడుగలేదనెను.

ఇరువురును వార్డు వీడియో తిరగవేసిరి. ఆరు మారులును నర్సుకంటె ముందు తల్లి లేచి, దిండుపక్క తీగలతో సహా బిడ్డ తలను పొదివి పట్టుకొనుచుండెను. ప్రతి గుంపులోను చేరిన ఆ మహానాయకుడు ఆమె అరచేయి. లెక్కలక్క వార్డులోనికి పోయి తల్లికి సంగతి చెప్పెను.

తల్లి తల వంచుకొని అడిగెను. "ముట్టుకోకూడదా అమ్మా? భయమేసి పట్టుకుంటున్నా."

"పట్టుకోండక్కా. పాదం పట్టుకోండి, అక్కడ మాకు తీగల్లేవు" అనెను లెక్కలక్క.

టెక్నీషియను క్లిప్పు బిగించెను. సర్జను గారు అంతయు విని, ఇంకొక ఫిట్స్ వచ్చువరకు ఏమియు తేల్చనని, అప్పుడును ముప్పైఏడు ఊరకున్నచో ఆ చోటు జోలికి పోనని చెప్పిరి.

మధ్యాహ్నము మూడింటికి ఏడవ మూర్ఛ వచ్చెను. తల్లి రెండు చేతులును చాచి, నడుమనే ఆపుకొని, పాదము పట్టుకొనెను. చెవి వెనుక తీగలవి మూడు గీతలు ఒక్కటై ఎగసి, మూర్ఛ పుట్టు అసలు గుంపు తామేనని తెలిపెను. ముప్పైఏడవ గీత చివరివరకు కదలలేదు.

ఇట్లు నూటనాలుగింటిలో ఒకానొక తీగ నిర్దోషియని తేలి, త్రిలోకములును ఎప్పటివలెనే తమ పని తాము చూచుకొనుచుండగా, పిల్ల కన్నులు తెరచి ఘనవిజయమును ప్రకటించెను.

"కాలు వదులమ్మా, చక్కిలిగింత."