బీరువాలో మోగిన ఫోను

ఆ ఉదయం తాళాలాయన అనుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదింటికి బీరువాలో దూరాలి. తొమ్మిదీ అయిదుకు ఎవరి సాయం లేకుండా బయటికి రావాలి. తొమ్మిదిన్నరకు పచ్చగేటు వాళ్ళింటికి వెళ్ళి గొళ్ళెం బిగించాలి.

ఆయనకు యాభై రెండేళ్ళు. తాళాలు బాగుచేయడం వృత్తి. సంకెళ్ళలోంచి, పెట్టెల్లోంచి తప్పించుకుని పదిమంది ముందు బయటపడాలన్నది కోరిక. ఇంతవరకు ఇచ్చిన ప్రదర్శనలు రెండు. మొదటిదాంట్లో ముందు వరసలో కూర్చున్న ఒకాయన, "తాళాలవాడు తాళం తీస్తే దానికి మేమంతా రావాలా?" అన్నాడు. రెండోదానికి ఆయన కూడా రాలేదు. పైగా నలుగురు చూస్తుంటే తాళాలాయన నాలుక మడతపడుతుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి జేబుల్లో పెట్టుకున్నాడు. అప్పటికి ఆ చేతులకు సంకెళ్ళుండాలి.

అటువంటి మనిషి మీద, ఆన్‌లైన్‌లో వీడియోలు పెట్టే ఒక అమ్మాయి డాక్యుమెంటరీ తీస్తానంది. ఆమె గది తాళం తీయడానికి వెళ్ళినప్పుడు కుదిరిన పరిచయం. మూడు రోజులుగా కెమెరాతో వెంట తిరుగుతోంది. ఆ మూడు రోజుల్లో ఆయన మాట్లాడింది "అవునమ్మా", "కాదమ్మా", ఒకసారి "ఏమోనమ్మా". మీ గురించి చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే ఫోను తీశాడు. అందులో మనుషుల పేర్లు లేవు. పచ్చగేటు, ఇత్తడి తాళం, కుంగిన తలుపు, మూడో అంతస్తు గొళ్ళెం అని రాసుకున్నాడు. ఎవరికి చేసినా, మా తాళం బాగానే ఉందండి అని పెట్టేశారు.

వాటి మధ్య "చిన్న గడియ" అని ఒకటుంది. అది పన్నెండేళ్ళ కిందట తల్లితో వెళ్ళిపోయిన కూతురి నంబరు. ఎవరినో బతిమాలి రెండేళ్ళ కిందట సంపాదించాడు కానీ, ఏం మాట్లాడాలో తోచక ఒక్కసారి కూడా చేయలేదు. ఈ వీడియో పూర్తయితే ఆ నంబరుకు పంపాలని ఆయన ఆశ. అందులో తాను ధీమాగా బీరువా తలుపు తీసుకుని బయటికి వస్తుంటాడు. మాట్లాడే పని ఉండదు.

అమ్మాయి అద్దెకున్న పై వాటాలో, అరలు తీసేసిన బీరువాలోకి ఆయన ఎక్కాక, ఆమె ఆయన కాలరుకు చిన్న మైకు తగిలించింది. "నేనిక్కడ లేననుకోండి బాబాయ్. ఏం జరిగినా మధ్యలో రాను. మా పద్ధతి అది," అని తలుపు మూసి తాళంచెవి తిప్పింది. పాత తాళంచెవి. సగం ఆమె వేళ్ళలో ఉండిపోయింది, సగం తాళంలో విరిగింది. ఎలాగూ తప్పించుకునే మనిషికి తాళంచెవితో పనేముందని, చేతిలో ముక్క జేబులో వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి కూర్చుంది.

లోపల ఆయన వంచిన తీగ దూర్చాడు. తీగ ఇనుముకు తగిలి ఆగిపోయింది. మళ్ళీ దూర్చాడు, మళ్ళీ ఆగింది. తొమ్మిదీ పదయింది. తొమ్మిదీ పాతికయింది. వెనక రేకులో తుప్పు తిన్న చోట చిన్న చిల్లు ఉంది, దాంట్లోంచి గాలి, కాస్త వెలుగు వస్తున్నాయి. జేబులో ఫోను ఉంది. కానీ తాళాలవాడే తాళం పడి ఇరుక్కున్నాడని ఎవరికి చెప్పుకుంటాడు? ఒక్కో పేరూ జరుపుకుంటూ పోయి చిన్న గడియ దగ్గర ఆగాడు. చేయలేదు. చేసినట్టు అనుకుని మాత్రం మాట్లాడాడు. చీకట్లో, ఎవరూ లేరన్న ధైర్యంతో, ఆ నాలుక మడతపడలేదు.

"పాపా, నేనే. మీరు వెళ్ళిపోయే రోజు నువ్వు బాత్రూంలో దూరి గడియ వేసుకున్నావు, గుర్తుందా? రానని ఏడ్చావు. మీ అమ్మ నన్ను పిలిచింది. గడియ పడితే తీయడమే కదా నాకు తెలిసింది, తీసేశాను. నిమిషం కూడా పట్టలేదమ్మా. నాకు రావట్లేదని ఒక్క అబద్ధం చెప్పుంటే ఆ పూటైనా ఉండేదానివి."

అమ్మాయి ఆ మాటలన్నీ విన్నది. కెమెరా ముందు మూడు రోజులు మూగగా ఉన్న మనిషి నోరు విప్పితే ఆపడానికి ఆమెకు చెయ్యి రాలేదు. అందుకే ఆయన తలుపు బాదినప్పుడు కూడా పద్ధతి ప్రకారం కదల్లేదు. కింది వాటాలో ఇంటావిడ మాత్రం కదిలింది. పైకప్పు కూలుతోందనుకుని ఇద్దరు పొరుగువాళ్ళను వెంటబెట్టుకుని మెట్లెక్కింది. అమ్మాయి నోటిమీద వేలుంచుకుని, లోపల మనిషున్నారని గుసగుసగా చెప్పింది. ఇంటావిడ వెంటనే తనకు తెలిసిన ఒకే ఒక్క తాళాల మనిషికి ఫోను చేసింది.

బీరువాలో ఫోను మోగింది. కంగారులో ఆవిడ అది గమనించలేదు. అలవాటు కొద్దీ ఆయన ఎత్తాడు.

"తాళాల పనండి, చెప్పండి."

"నాయనా, ఎక్కడున్నా పరుగెత్తుకు రా. మా పై వాటాలో ఎవరో బీరువాలో ఇరుక్కుపోయారు."

"బీరువా ఏ రకమండి?"

"ఎవరికి తెలుసయ్యా. పాతది, బూడిదరంగుది."

"నా దగ్గరా అలాంటిదే ఉందండి," అని ఆయన చిల్లు వెలుగులో రేకు రంగు చూశాడు. "నేను అక్కడే ఉన్నానండి."

"అక్కడంటే ఎక్కడ?"

"బీరువాలో."

ఆ తర్వాత తాళాలాయన ఫోనులో చెబుతుంటే ఇంటావిడ తన తల పిన్నులు రెండు తీసి, విరిగిన ముక్కను పట్టకారుతో పట్టినట్టు పట్టి లాగింది. అది ఊడివచ్చిన అర నిమిషానికి, తన తీగతో తానే తలుపు తీసుకుని ఆయన బయటికి అడుగుపెట్టాడు. ముగ్గురు నలుగురు చప్పట్లు కొట్టారు. ఆయన వంగి నమస్కరించబోయి తలుపు అంచుకు తల కొట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి ప్రదర్శన ఫలించింది. అమ్మాయి కెమెరాలో జాగా అంతకు నిమిషం ముందే నిండిపోయింది.

అందరూ వెళ్ళాక ఆమె తల వంచుకుని చెప్పింది. "మీరు బయటికి రావడం పడలేదు బాబాయ్. మూసిన బీరువా పడింది, మీరు లోపల మాట్లాడింది పడింది. మైకు సంగతి మీరు మర్చిపోయారు. వద్దంటే తీసేస్తాను."

ఆయన కాలరుకున్న మైకు ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నా మొహం కనిపిస్తుందా?"

"లేదు బాబాయ్."

"అయితే ఉండనీ."

వీడియో వచ్చిన రోజు ఆయన దాన్ని చిన్న గడియకు పంపి, ఫోనును పనిముట్ల సంచిలో అడుగున పెట్టేశాడు. ఒక రోజు గడిచింది. రెండో రోజు పచ్చగేటు వాళ్ళు దారిలో ఎదురై, మా తాళం పోలేదు గానీ ఒకసారి వచ్చి కూర్చుని వెళ్ళండి అన్నారు. సంచి మోగలేదు. మూడో రోజు పొద్దున మోగింది.

"తాళాల పనండి, చెప్పండి," అన్నాడు, తెర మీద పేరు చూసి కూడా.

"మా హాస్టల్లో గది గడియ పడింది," అంది అవతలి గొంతు. "మీరే రావాలి."

"ఎవరు వేశారమ్మా?"

"నేనే. లోపలే ఉన్నాను. తొందరేం లేదు నాన్నా."

ఆయన రెండు గంటలు బస్సులో వెళ్ళి ఆ తలుపు ముందు నేలమీద కూర్చున్నాడు. నిమిషంలో వచ్చే గడియ తీయడానికి ఆయనకు సాయంత్రమైంది.