ఆకాశ జాలరి మొక్కు

ఆ రోజు ఉదయానికి సరస్వతమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి కొడుకు లోకనాథ్ ఒంటికి నీలం రంగు పూయాలి, ఏడింటికి కృష్ణుడి వేషం కట్టాలి, తొమ్మిదికల్లా ఠాకురాణి అమ్మవారి ముందు మొక్కు చెల్లించి ఇంటికొచ్చి ఇడ్లీలు తినాలి. బరంపురంలో రెండేళ్లకోసారి యాత్ర వస్తుంది. మొక్కుకున్నవాళ్లు వేషాలు కట్టుకుని అమ్మవారి దగ్గరికి నడిచి వెళ్తారు. లోకనాథ్‌కి పదో తరగతిలో పచ్చకామెర్లు వచ్చినప్పుడు ఆవిడ ఈ మొక్కు మొక్కుకుంది. ఆ తర్వాత మూడు యాత్రలు పరీక్షలనీ ఉద్యోగమనీ వాడు తప్పించుకున్నాడు. నాలుగోసారికి వాడి దగ్గర పరీక్షలూ లేవు, ఉద్యోగమూ లేదు.

ఉద్యోగం దొరక్క కాదు, మానేశాడు. వాడి తలలో ఒక ఫోను ఆట ఉంది మరి. మబ్బుల మీద పడవ వేసుకుని తిరిగే ఒక నీలం మనిషి, వల విసిరి నక్షత్రాలు పడతాడు. అంతే. తుపాకులు లేవు, ఓడిపోవడం లేదు, తరుముకొచ్చే గడియారం లేదు. పట్టిన నక్షత్రాన్ని కాసేపు చూసుకుని మళ్లీ వదిలెయ్యొచ్చు కూడా. చమఖండి సముద్రపు ఒడ్డున కూర్చుని చూసిన సాయంత్రాలన్నీ వాడు ఆ ఆటలో పోశాడు. ఏడాదిన్నర పట్టింది. జనం ముందు పెట్టి నాలుగు నెలలైతే ఇంతవరకు ఆడింది పదకొండు మంది, అందులో ఏడుగురు మేనత్త పిల్లలు.

తండ్రి శ్యామసుందరరావుకి గేట్ బజార్లో చీరల కొట్టు. ఆయన మబ్బుల మనిషి కాదు. "ఇదిగో లోకా! యాత్ర ఆఖరి రోజు సాయంత్రానికి వందమంది ఆడితే నీ ఆట నువ్వు సూసుకో. నేదా, మర్నాడు కొట్లో కూకో. మరింక మాటల్లేవు," అని నెల కిందటే తేల్చేశాడు.

ఆ ఆఖరి రోజు ఇవాళే. లోకనాథ్‌కి రాత్రంతా నిద్ర లేదు. చీరల మడతల మధ్య తన జీవితం కూడా మడతపడిపోతుందని బెంగ.

రంగు మెడదాకా ఎక్కాక, వేషాలు అద్దెకిచ్చే వాడి దగ్గరికి వెళ్లిన సరస్వతమ్మ వట్టి చేతులతో తిరిగొచ్చింది.

"ఓలమ్మో! కిరీటం, పింఛం, పిల్లంగోయి అన్నీ ఎవురో ఎత్తుకుపోనారట్రా! ఇప్పుడేటి సేత్తాం?"

లోకనాథ్ అద్దంలోకి చూశాడు. ఏడాదిన్నరగా తాను గీసిన మనిషి మొదటిసారి ఇంటికొచ్చి, ఎదురుగా నిలబడి, తనకేసి చూస్తున్నాడు.

"అమ్మా, కిరీటం అక్కర్లేదు. ఒక వల తే."

వల ఇచ్చినవాడు కాసులు. చమఖండి నుంచి చేపలు తెచ్చి రోజూ ఆ వీధిలో అమ్ముతాడు. "పాతదమ్మా. వేటకి పనికిరాదు, మొక్కుకైతే పర్వానేదు," అన్నాడు. లోకనాథ్ ఆ వల నిండా కాగితం నక్షత్రాలు అతికించాడు. ఆఖరికి తన తెలివంతా ఉపయోగించి, గుండె మీద పెద్ద క్యూఆర్ కోడ్ ఒకటి కట్టుకున్నాడు. ఎవరు స్కాన్ చేసినా ఫోనులో ఆట తెరుచుకుంటుంది. దారిలో జనం అడుగుతారు, తాను విడమరిచి చెప్తాడు, వంద దాటిపోతుంది. కళ్లు మూసుకుంటే అంతా మబ్బుల మీద నడిచినంత హాయిగా ఉంది.

గుమ్మం దాటాక సరస్వతమ్మ చెవిలో చెప్పింది. "ఒరే, మొక్కులో ఇంకో ముక్క ఉంది. అమ్మోరిని సూసీదాకా నోరిప్పకూడదు. ముందే సెప్తే నువ్వొప్పుకోవని సెప్పనేదు."

లోకనాథ్ నోరు తెరిచాడు. ఆవిడ కళ్లెర్ర చేసింది. మూశాడు.

గేట్ బజార్ మొదట్లోనే పూలమ్మే సాయిపద్మ ఎదురొచ్చి చేతులు జోడించింది. "ఏ దేవుడమ్మా ఈయన? ఎప్పుడూ సూడనేదు!"

సరస్వతమ్మ తడబడింది. కొడుకు ఎప్పుడో చెప్పిన ముక్క ఒకటి గుర్తొచ్చింది. "మబ్బుల్లో సుక్కలు పట్టే సామి. మా సీకాకులం వైపు దేవుడు."

శ్రీకాకుళం వైపు అలాంటి దేవుడెవరూ లేడని లోకనాథ్‌కి తెలుసు. చెప్పడానికి వాడికి నోరు లేదు. వేషానికి దక్షిణ ఇవ్వడం యాత్రలో ఆనవాయితీ. ఈ రోజుల్లో చిల్లరెవరి దగ్గరుంది? సాయిపద్మ ఫోను తీసి, దేవుడి గుండె మీద కోడ్ కనబడితే పదకొండు రూపాయలు పంపుదామని స్కాన్ చేసింది. డబ్బు పోలేదు. మబ్బులొచ్చాయి. పడవొచ్చింది. 'వల వేయండి' అంది ఫోను. వేలితో నెట్టింది. ఒక నక్షత్రం వచ్చి వలలో పడింది.

"సామి దచ్చిన పుచ్చుకోనేదు! నాకే సుక్క ఇచ్చాడు!" అని ఆవిడ ఏడ్చేసింది.

ఇంకేముంది! ఆ ఏడుపు విని పదిమంది, పదిమందిని చూసి యాభైమంది మూగారు. అందరి ఫోన్లూ లోకనాథ్ గుండె మీదే. వాడికి చక్కిలిగిలి, భయం, సంతోషం మూడూ ఒకేసారి. అప్పుడే గిన్నెల కొట్టు వైకుంఠరావు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"ఆగండాగండి! డబ్బు పంపితే బొమ్మలొస్తున్నాయేటి? సైబర్ మోసం ఇది! బేంకులో ఉన్నదంతా ఊడ్చీసుకుపోతారు! ఈ నీలంగాడు ఎవుడో సెప్పమనండి!"

"మావోడు మాటాడడు," అంది సరస్వతమ్మ.

"మాటాడడా! సూశారా మరి!"

జనం గొంతు మారింది. ఎవరో వల పట్టుకు లాగారు, ఇంకెవరో పోలీసుల్ని పిలవమన్నారు. సాయిపద్మ తన నక్షత్రాన్ని కొంగులో దాచుకున్నట్టు ఫోను దాచుకుంది. సరస్వతమ్మ గుండెలు బాదుకుంటూ చుట్టూ చూస్తే, ఎదురుగా తమ కొట్టే. మెట్ల మీద భర్త.

"ఏవండీ! పోలీసుల్ని పిలుత్తారట మనోడి మీద!"

శ్యామసుందరరావు నీలం మనిషిని పైనుంచి కిందదాకా చూశాడు. అది పనికిమాలిన ఆట అని తనకి తెలుసు. నలుగురిలో కొడుకుని మోసగాడన్నారన్నదీ ఇప్పుడే తెలిసింది. కొట్టు దిగొచ్చి, ఫోను పైకెత్తి అందరికీ చూపించాడు.

"ఇదిగో, నా ఫోను. బేంకు ఇందులోనే ఉంది. పైసా పోయినా ఈ కొట్టు రాసిచ్చీసుకోండి." స్కాన్ చేసి మెట్ల మీద చతికిలబడ్డాడు.

జనం మెట్ల చుట్టూ మూగారు. రెండు నిమిషాలైంది. అయిదైంది.

"పోనాయా?" అడిగాడు వైకుంఠరావు.

"ఉండవయ్యా!" అన్నాడు శ్యామసుందరరావు తలెత్తకుండా. "పెద్దది తగిలింది."

ఆ మాటతో గేట్ బజారంతా కదిలింది. అంత గట్టి మనిషే కూర్చున్నాడంటే మోసం ఎక్కడిది! కొట్టుకొట్టుకీ ఆపి స్కాన్ చేశారు. ఠాకురాణి దగ్గరికి చేరేసరికి ఎండ వాలిపోయింది, ఇడ్లీలు ఇంట్లో రాళ్లయిపోయాయి. దండం పెట్టుకోగానే లోకనాథ్ తల్లి సంచిలోంచి తన ఫోను లాక్కుని లెక్క చూశాడు. ఆడినవాళ్లు వెయ్యి దాటారు. వాడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మవారి ముందు వాడన్న మొదటి మాట, "గెలిచానమ్మా!"

పరుగున కొట్టుకొచ్చాడు. తండ్రి మెట్ల మీదే ఉన్నాడు. కొట్టు సగం మూసి ఉంది.

"నాన్నా, వెయ్యి!"

"మాటంటే మాటే. నీ ఆట నువ్వు సూసుకో, నానడ్డు రాను," అన్నాడు ఆయన, వేలు ఆపకుండా. "ఆ ఏడో మబ్బు కాడ గాలి ఎటు తోల్తాదో సెప్పి మరీ ఎల్లు."

మర్నాడు శ్యామసుందరరావు మేడ మీద చాప పరుచుకుని, ఫోను పట్టుకుని వెల్లకిలా పడుకున్నాడు. పెళ్లిళ్ల రోజులు కావడంతో కొట్టు ముందు ఆటోలు ఆగి ఉన్నాయి. సరస్వతమ్మ తాళాలు కొడుకు చేతిలో పెట్టింది. "మీ నాన్న లేసీదాకా సూడు నాయినా. ఒక్క పూటే."

అయిదో రోజు వైకుంఠరావు కూతురి పెళ్లి చీరలకొచ్చాడు. మెడ వెనకాల ఇంకా నీలం వదలని కుర్రాణ్ణి చూసి, "మీ నాన్నగారేరీ?" అనడిగాడు.

"వేటకెల్లారండీ," అన్నాడు లోకనాథ్, పట్టుచీర మడత విప్పుతూ.