తోడికోడలి జబ్బు

ఓపీ త్వరగా ముగించి, మధ్యాహ్నం నుంచి ఆడవాళ్ళను తీరిగ్గా చూడాలని డాక్టర్ గోవర్ధన్ పొద్దున్నే అనుకున్నాడు. తర్లుపాడుకు అవతల ఓ పల్లె ఆసుపత్రి ఆయనది. ఆడవాళ్ళ ఆరోగ్యం మీద పల్లె డాక్టర్లకిచ్చే శిక్షణ ముగించుకుని నిన్ననే వచ్చాడు. "ఆమె మాటను మధ్యలో తుంచకండి. చెప్పింది నమ్మండి" అని అక్కడి మేడం ఒకటే పోరింది. గోవర్ధన్ కోస్తా మనిషి, పైగా బుద్ధిమంతుడు. నమ్మాలని గట్టిగా నిర్ణయించుకున్నాడు.

మొదట వచ్చింది వెంకటరత్నమ్మ. గొర్రెలు మేపే ఇంటి పెద్దకోడలు, భర్త పోయిన మనిషి.

"నాక్కాదు సార్, మా తోడికోడలు రమణమ్మకు. ముట్టు నిలిచి రెండేండ్లయింది. ఇప్పుడు మళ్ళ కనపడతాంది."

ఈ పక్క ఆడవాళ్ళకు సొంత జబ్బులుండవు. వదినకుంటాయి, తోడికోడలికుంటాయి, మరీ సిగ్గుపడేవైతే పక్కింటావిడకుంటాయి. ఆ సంగతి శిక్షణలో ఎవరూ చెప్పలేదు. ముట్టు నిలిచాక రక్తం కనిపిస్తే క్యాన్సర్ కూడా కావచ్చని మాత్రం చెప్పారు. గోవర్ధన్ పెన్ను కింద పెట్టేశాడు.

"ఆమెను ఇవాళే చూడాలమ్మా. అంబులెన్స్ పంపిస్తాను."

"అయ్యో, వద్దులే సార్! దానికి పనుంది."

"మీరు మొహమాటపడకండి" అంటూ ఆయన ఫోన్ తీశాడు.

అంబులెన్స్ మోత పెట్టుకుంటూ ఊళ్ళోకి పోయి, ఉల్లిగడ్డలు తరుగుతున్న రమణమ్మను కత్తిపీట ముందు నుంచి లేపి ఎక్కించుకుంది. కళ్ళనీళ్ళు చూసి నొప్పికి ఏడుస్తోందనుకున్నారు. అర్జెంటన్న మాట వీధి చివరికి పోయేసరికి ఆపరేషనయింది. రచ్చబండ దాటేసరికి బతకడం కష్టమయింది. రక్తమివ్వడానికని ఆటో నిండా చుట్టాలు బయల్దేరారు. ఆమె భర్త అంకన్న గొర్రెలను ఎక్కడివక్కడ వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"నాతో ఒక్క మాట చెప్పకపోతివే!" అని ఆసుపత్రి వాకిట్లో గొల్లుమన్నాడు.

"నాకేమొచ్చిందయ్యా? నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అని రమణమ్మ కసిరింది.

నర్సు ఎలీషబా ఆమెను లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసింది. గోవర్ధన్ మెత్తగా అడిగాడు.

"ముట్టు నిలిచాక రక్తం కనిపిస్తోందట. ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"ఎవరికి? నాకా? ఏ పాడు నోరు..." అంటూ రమణమ్మ తిరిగి చూసింది. మూలన వెంకటరత్నమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నేల చూస్తోంది. రమణమ్మ మళ్ళీ డాక్టర్ వైపు తిరిగింది.

"అవును సార్, నాకే" అంది. "కానీ నాకు మా సెడ్డ సిగ్గు. ముందు మా అక్కను చూడండి. అది చూసి నేను ధైర్యం తెచ్చుకుంటా."

గోవర్ధన్‌కు అప్పటికి తెలిసింది. నవ్వలేదు. "సరే, ముందు మీ అక్కనే చూద్దాం" అన్నాడు.

మంచమెక్కబోతూ వెంకటరత్నమ్మ భోరుమంది. "భయమైంది చెల్లే. చచ్చిపోతానేమోనని ఎవరికీ చెప్పుకోలా."

"అందుకని నన్ను చంపుదామనుకుంటివా?" అని రమణమ్మ ఆమె చేయి గట్టిగా పట్టుకుంది. పరీక్ష అయ్యేదాకా వదల్లేదు.

మార్కాపురంలో స్కానింగు తీశారు. గర్భసంచిలో చిన్న కండ పెరిగిందట. దాన్ని తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ కాదని వచ్చింది. ఆ మాట విని గోవర్ధన్ కుర్చీలో కూలబడి ఇన్ని మంచినీళ్ళు తాగాడు.

జబ్బెవరిదో రమణమ్మ బయట చెప్పలేదు. అంకన్న బిందెలతో నీళ్ళు మోస్తున్నాడు, కూర తనే వండుతున్నాడు, పెళ్ళాన్ని మంచం దిగనివ్వడం లేదు.

వెంకటరత్నమ్మకు పూర్తిగా నయమైంది. రమణమ్మకు మాత్రం ఇంకా తగ్గలేదు.