నాలుగు సాల్మన్ ముక్కలూ ఒక తాళంకప్పా

ఆ రోజు ఉదయం ఏడింటికి నర్సు డ్యూటీకి బయల్దేరుతూ ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించింది. మందుల చీటీ రాసినంత శ్రద్ధగా రాసింది. చేప ముక్కల తడిని పొడి గుడ్డతో ఒత్తి తియ్యాలి. ఉప్పు, మిరియాల పొడి రాయాలి. పెనంలో చెంచాడు నూనె వేసి, కాగాక తోలు వైపు కిందికి పెట్టాలి. ఐదు నిమిషాలు ముట్టుకోకూడదు. తర్వాత మూతపెట్టి కరెంటు స్టవ్ ఆపేసి, నిమ్మకాయ పిండాలి. అంతే. 'ముట్టుకోకూడదు' కింద మాత్రం రెండు గీతలు గీసింది. మొగుడి చేతుల సంగతి ఆమెకి తెలుసు.

మొగుడు లిఫ్టు మెకానిక్. ఇరవై ఏళ్ళుగా ఆగినదాన్ని కదిలించడం, కదిలేదాన్ని ఆపడం తప్ప మరో పని ఎరగడు. వంటలో అతని ప్రజ్ఞ కోడిగుడ్డు ఉడకబెట్టడం దగ్గర మొదలై అక్కడే ఆగిపోయింది. అందులోనూ సగం సార్లు గుడ్డు పగిలేది.

"సాల్మన్ కన్నా తేలికైన వంట లేదండీ. దాన్ని పాడు చెయ్యాలంటే పనిగట్టుకుని చెయ్యాలి," అంది నర్సు చెప్పులు వేసుకుంటూ.

"నేను చూసుకుంటాగా. నువ్వెళ్ళు."

"నాలుగింటిలోగా ఫారం ఇచ్చెయ్యాలి. గుర్తుంది కదా?"

గుర్తు లేకేం! అత్యవసర విభాగం నర్సులకి వేరే ఊళ్ళో మూడు నెలల శిక్షణ. నాలుగేళ్ళుగా ఆమె దానికోసం కాచుకుని కూచుంది. ఈసారి పేరు వచ్చింది. వచ్చిందని తెలియగానే వాళ్ళమ్మ ఫోన్ చేసి, "నువ్వెళ్తే అల్లుడుగారు పాపకి మూడు నెలలూ బ్రెడ్డు ముక్కలే పెడతారు. నేను ఒప్పుకోను గాక ఒప్పుకోను," అని తేల్చేసింది. అమ్మ ఒప్పుకోకపోయినా వెళ్ళొచ్చు. కానీ రోజుకి పదిసార్లు మోగే ఫోన్ పక్కన పెట్టుకుని చదువు సాగదు. అందుకని తల్లీకూతుళ్ళ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఇవాళ అమ్మ భోజనానికి వస్తుంది. అల్లుడు ఒంటిచేత్తో వండుతాడు. ఆవిడ నోటితో 'బాగుంది' అంటే ఫారం మీద సంతకం. లేకపోతే వచ్చే ఏడాది చూసుకోవడం. నాలుగేళ్ళుగా ఆస్పత్రివాళ్ళు అంటున్నది కూడా ఆ మాటే.

ఇంకో దారి లేకపోలేదు. ఆ మూడు నెలలూ అత్తగారే వచ్చి ఉండటం. ఆ మాట చెవిన పడీ పడకముందే మెకానిక్ వంట నేర్చుకుంటానని చెయ్యెత్తాడు. అత్తగారు చెడ్డమనిషేం కాదు. ఆవిడ ఎదురుపడితే ఇతనికి నోరు పెగలదు, అదీ బాధ. పెళ్ళైన తొమ్మిదేళ్ళలో ఆవిడతో అతను ఆడిన మాటలు "బాగున్నారా అత్తయ్యగారూ" ఒకటి, "సరేనండి" ఒకటి. అయినా అతను పెనం పట్టింది ఆ భయంతో మాత్రమే కాదు. ఉత్తరంలో పేరు చూసుకున్న రోజు పెళ్ళాం మొహం ఎలా వెలిగిందో అతను చూశాడు. ఆమె వెళ్ళి తీరాలని అప్పుడే గట్టిగా అనుకున్నాడు.

పాపని బడికి పంపి, పదకొండింటికి నడుముకి ఏప్రన్ కట్టాడు. నాలుగు ముక్కలున్నాయి. తినేవాళ్ళు ముగ్గురు, నాలుగోది ప్రాక్టీసుకి. తడి ఒత్తాడు, ఉప్పు రాశాడు, ప్రాక్టీసు ముక్కని పెనంలో పెట్టాడు. అర నిమిషం బుద్ధిగా నిలబడ్డాడు. తర్వాత అంటుకుంటోందేమోనని చిన్నగా కదిపాడు. కదిలింది. ఇంకోసారి కదుపుదామనిపించింది. మూడోసారికి తోలు పెనంలో ఉండిపోయి, చేప గరిటె మీదికి వచ్చేసింది. నాలుగోసారికి అది ముక్క అని చెప్పుకునే వీల్లేకుండా పొడిపొడి అయిపోయింది.

"సర్లే, ఇది ప్రాక్టీసేగా," అనుకున్నాడు.

ఇక్కడ అతని బుర్రకి వృత్తి అడ్డుపడింది. ఏ లిఫ్టునీ ఒక్క తాడు మీద వేలాడదియ్యరు. ఒకటి తెగితే ఇంకోటి కాయాలి. అలాగే మిగిలిన మూడు ముక్కల్నీ ఒకే పెనానికి అప్పగించడం తెలివితక్కువని తోచింది. రెండు పెనంలో వేసి మూతపెట్టాడు. మూడోదాన్ని అలమరలో బిగించి ఉన్న ఓవెన్‌లోకి తోశాడు. ఓవెన్ మీట మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. అందాజుగా తిప్పాడు. అందాజు కాస్త ఎక్కువైంది. రెండు నిమిషాలకే పొగ మొదలైంది. మీట వెనక్కి తిప్పబోతే అది గిరగిరా తిరుగుతోంది గాని ఓవెన్ ఆరడం లేదు.

పాడైన యంత్రం కనబడేసరికి మెకానిక్ ప్రాణం లేచొచ్చింది. వంట సంగతి తెలియదు గాని ఇది తెలుసు. ముందు కరెంటు ఆపాలి. స్విచ్చుకి సొంత తాళం వెయ్యాలి. బోర్డు తగిలించాలి. ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. పనిసంచీ తీసుకుని నాలుగంతస్తులు మెట్ల మీదుగా బేస్‌మెంటులోని మీటర్ల గదికి పరిగెత్తాడు. అతను లిఫ్టు ఎక్కడు. ఆఫీసు వదిలాక మళ్ళీ ఆఫీసుకి వెళ్ళినట్టుంటుందంటాడు.

కిందటి వారం ఆ గదికి రంగులు వేశారు. గోడలకే కాక స్విచ్చుల పెట్టెలకి, వాటి మీది నంబర్లకి కూడా పూసి పారేశారు. ఇరవై నాలుగు పెట్టెలు ఒకే బూడిద రంగులో వరసగా ఉన్నాయి. ఏది ఎవరిదో తెలియనప్పుడు బిల్డింగు మొత్తం మెయిన్ ఆపాలన్నది అతను నేర్చుకున్న పద్ధతి. ఆపేశాడు. తాళంకప్ప బిగించాడు. 'మనిషి పనిలో ఉన్నాడు. ప్రాణాపాయం. ముట్టుకోవద్దు' అన్న బోర్డు తగిలించాడు. అంతా పద్ధతి ప్రకారమే చేశాడు, ఒక్కటి తప్ప. కరెంటు తీసేముందు లిఫ్టులో ఎవరైనా ఉన్నారేమో చూడాలి. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు అతనే ఆ ముక్క చెబుతాడు.

పైకొచ్చి, పొగ తగ్గడం చూసి తృప్తిపడి, ఓవెన్ మరలు విప్పి తీగలు ఊడదీస్తున్నాడు. ఫోన్ మోగింది. కంపెనీ కంట్రోలు రూము.

"సెలవులో ఉన్నావని తెలుసు బాబూ, కానీ మీ బిల్డింగే. లిఫ్టు ఆగిపోయింది. లోపల ఒకావిడ ఉంది."

"కరెంటు లేదుగా మరి," అన్నాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

"ఎవడో బుద్ధిలేనివాడు మెయిన్‌కి తాళం పెట్టి పోయాడట. కేర్‌టేకర్ చెప్పాడు. ఎవడో కాస్త కనుక్కో."

"కనుక్కుంటాను," అన్నాడు మెకానిక్ నీరసంగా.

లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగింది. అతను మెట్లు దిగి తలుపు దగ్గర నిలబడి, కంపెనీ నేర్పిన గొంతుతో అన్నాడు.

"అమ్మా, కంగారు పడకండి. గాలికేం ఇబ్బంది లేదు. లోపల చిన్న దీపం వెలుగుతోంది కదా? పది నిమిషాల్లో బయటికి తెచ్చేస్తాను."

"కంగారెందుకయ్యా? కూర్చోడానికి పెట్టె ఉంది. బస్సు తొందరగా వచ్చిందని సంతోషించేలోపే ఇది ఆగింది. ఇంతకీ నువ్వెవరు?"

మెకానిక్ గోడ పట్టుకున్నాడు. అత్తగారు.

"మెకానిక్కునండి," అన్నాడు. అబద్ధం కాదుగా.

"మా అల్లుడిదీ ఇదే పని. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేస్తాడు, ఉన్న కొంపలోది మాత్రం ఇలా ఏడుస్తోంది. ఇవాళ ఆయన వంటట! చూడు నా ఖర్మ. అందుకే నా తిండి నేను డబ్బాలో తెచ్చుకున్నా. వాళ్ళతో అనేవు."

"అననండి."

"బాగా వండాడనుకో, అదింకా కష్టం."

"అదేమిటండీ?"

లోపలి గొంతు కాస్త తగ్గింది.

"మూడు నెలలు ఉండమంటారనుకుని పెట్టె సర్దుకున్నానయ్యా. మొక్కలకి నీళ్ళు పొయ్యమని పక్కింటావిడకి చెప్పుకున్నాను కూడా. తీరా చూస్తే ఆయన వంట నేర్చుకుంటానన్నాడట. నాతో మూడు నెలలు వేగడం కన్నా పొయ్యి దగ్గర మాడటమే నయమనిపించింది కాబోలు. మా అమ్మాయి వెళ్ళాలనే నాకూ ఉంది. ఊరికే బెట్టు చేశానంతే. బెట్టు చేస్తే బతిమాలి పిలుస్తారనుకున్నా."

మెకానిక్‌కి సిగ్గేసింది. ఇన్నేళ్ళూ ఆవిడ గొంతే విన్నాడు గాని, అందులో ఏముందో వినలేదు.

"అలా అనుకోకండమ్మా. ఆయనకి మీ ముందు బెరుకేమో."

"బెరుకా? నేనేమన్నా పులినా?"

"కాదండి. గొంతు కాస్త... నిండుగా ఉంటుంది."

లోపల్నించి పకపకా నవ్వు వినిపించింది. "బాగా చెప్పావు! మా ఆయనా అదే అనేవాడు. ఇంకేం, చెప్పు చెప్పు, నీకు పిల్లలెంతమంది?"

ఒక పాప అన్నాడు. బడికి వెళ్ళనని పొద్దున్న ఎంత మారాం చేసిందో చెప్పాడు. ఆవిడ తన కూతురు చిన్నప్పుడు ఇంకెంత మారాం చేసేదో చెప్పింది. పది నిమిషాలు ఇట్టే గడిచిపోయాయి. కరెంటు తన చేతిలోనే ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది అతనికి.

బేస్‌మెంటులో కేర్‌టేకర్ స్విచ్చుకి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. "తాళం వేసినవాడు వస్తే గాని ఎవర్నీ ముట్టుకోనివ్వను. బోర్డు చదవండి. అక్కడెవడో ప్రాణాలకి తెగించి పనిచేస్తున్నాడు."

"వాణ్ణి నేనే."

"మీరా? ఏం పనండీ?"

"చేప."

కేర్‌టేకర్ అతని ఏప్రన్ కేసి పైనుంచి కిందిదాకా చూసి, మరో ప్రశ్న వెయ్యకుండా పక్కకి తప్పుకున్నాడు. మెకానిక్ జేబు తడుముకున్నాడు. ఏప్రన్‌కి జేబు లేదు. తాళంచెవి నాలుగో అంతస్తులో, కోసిన నిమ్మచెక్క పక్కన ఉంది. పైకెక్కాడు. "అయిందా బాబూ?" అని లిఫ్టులోంచి అత్తగారు. "వచ్చేశానండి," అని మెట్ల మీంచి ఇతను. స్టవ్ మీట ఆపి, ఊడదీసిన తీగలకి టేపు చుట్టి, చెవి పట్టుకుని కిందికి దిగాడు. "మళ్ళీ ఎటు?" అని అత్తగారు. తాళం తీసి స్విచ్చు వేశాడు. లిఫ్టు ఆవిణ్ణి నాలుగో అంతస్తుకి సుఖంగా చేర్చింది. ఇతను మెట్లెక్కి వచ్చేసరికి ఆవిడ గుమ్మం ముందు నిలబడి తలుపు కొడుతోంది.

"ఎక్కడికెళ్ళారు అల్లుడుగారూ, ఇలా చెమటలు కక్కుతూ?"

"బాగున్నారా అత్తయ్యగారూ," అన్నాడు రొప్పుతూ.

ఒంటిగంటకి నర్సు వచ్చింది. ఆమె సంచీలోంచి 'మనిషి పనిలో ఉన్నాడు' బోర్డు మూల ఒకటి తొంగిచూస్తోంది. కేర్‌టేకర్ ఇచ్చాడు కాబోలు. మొగుడి కేసి ఒక చూపు చూసి చేతులు కడుక్కోడానికి వెళ్ళింది.

ముగ్గురూ బల్ల దగ్గర కూచున్నారు. మెకానిక్ దేవుడి మీద భారం వేసి పెనం మూత తీశాడు. కరెంటు పోయిన స్టవ్ మీది పెనంలో, మూత కింద, కదిపేవాడు దగ్గర లేక, రెండు ముక్కలూ తమంతట తాము నింపాదిగా ఉడికి కూచున్నాయి. తోలు కరకరమంటోంది. చెంచా తగిలితే చాలు, పొరలు పొరలుగా విడుతోంది. ఆ రెండూ ఆడవాళ్ళకి వడ్డించి, ఓవెన్‌లో చెప్పు అట్టలా తయారైనది తను పెట్టుకున్నాడు.

అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఇంకోటి పెట్టుకుంది. మూడోది మింగాక చెంచా కింద పెట్టి, "బాగుంది," అంది. అన్నమాట ప్రకారం అంది. కానీ ఆ అనడంలో సంతోషం లేదు. సర్దుకొచ్చిన పెట్టె వంక ఓసారి చూసి, కాలితో దాన్ని కుర్చీ కిందికి నెట్టింది. నర్సు ఫారం తీసి కలం మూత విప్పింది.

మెకానిక్ గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యగారూ, నాకొచ్చింది ఈ ఒక్కటే. ఇది కూడా ఎలా వచ్చిందో నాకే తెలీదు, మళ్ళీ చెయ్యమంటే చెయ్యలేను. ఈ మూడు నెలలూ మీరిక్కడుంటే పాపకి మంచిది, నాకింకా మంచిది. వంట కోసమే కాదండి. మీరుంటే ఇంట్లో మాట వినబడుతుంది. దయచేసి ఉండండి."

నర్సు కలం గాల్లోనే ఆగిపోయింది. మొగుడు అన్ని మాటలు వరసగా మాట్లాడటం ఆమె ఇదివరకెప్పుడూ వినలేదు. కళ్ళు తుడుచుకుని, నవ్వుకుని, సంతకం పెట్టేసింది. అత్తగారు కళ్ళు తుడుచుకోలేదు గాని, డబ్బా మూత తీసి అల్లుడి కంచంలో సగం వంపేసింది.

"ఇంత చిన్న ముక్క అడగడానికి తొమ్మిదేళ్ళా అల్లుడుగారూ? ఇందాక లిఫ్టు దగ్గర ఒక మెకానిక్ ఉన్నాడు. మొహమైనా చూడలేదు, పది నిమిషాల్లో ఎంత కలివిడిగా మాట్లాడాడనుకున్నారు! ఓసారి అతన్ని కలిసి, పెద్దవాళ్ళతో ఎలా మాట్లాడాలో నేర్చుకోండి."

ఆ మనిషి డ్యూటీలో ఉంటే తప్ప దొరకడని చెప్పాడు అల్లుడు.