తలా కొంత బరువు

"నాన్నా, మన బండికి బరువు తగ్గించాలి!"

కొడుకు అరిచింది అదే. కానీ ఇంటి వెనక షెడ్డులో ఇంజను గర్జిస్తున్నప్పుడు ఏ మాటకైనా మొదటి అక్షరానికి గ్యారంటీ ఉండదు. తండ్రి చెవిలో పడేసరికి 'బరువు' కాస్తా 'పరువు' అయింది.

"తగ్గించడానికి ఇంకా ఏం మిగిలిందిరా?" అని ఆయన విరుచుకుపడ్డారు. "మొన్న మనం గీత దాటేసరికి, గెలిచినవాడు స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చి మనకి చప్పట్లు కొట్టాడు!"

కొడుకు ఇంజను ఆపాడు. "పరువు కాదు నాన్నా, బరువు!"

"అయితే నన్నెందుకు అడుగుతావు? మీ బావని అడుగు," అంటూ ఆయన స్టీరింగు వెనక కూర్చున్న అల్లుడి పొట్ట వైపు చూశారు.

ఆ అల్లుడు దర్జీ. వారమంతా జనం బట్టలు కుట్టి, ఆదివారం మాత్రం దర్జాగా పందెం కారు తోలేవాడు. టీము టీమంతా ఇంటివాళ్లే. కారు మామగారిది, ఆయన బస్సు డ్రైవరుగా రిటైరయ్యారు. బామ్మర్ది మెకానిక్. భార్య బడిలో వ్యాయామం టీచరు. ఆమె ఈలకి బడిపిల్లలకంటే మొగుడే ఎక్కువ హడలిపోయేవాడు. సీజను మొదలైన దగ్గర్నుంచీ ఆరు కార్ల పందెంలో ఆరో స్థానం వీళ్లకే రిజర్వైపోయింది. షెడ్డు మీది కప్పుకి చిల్లులున్నాయి. షెడ్డు లోపల కప్పే లేదు.

"వచ్చే ఆదివారం ఆఖరి పందెం," అని మామగారు తేల్చేశారు. "మొదటి ముగ్గురిలో వస్తే కప్పు. రాకపోతే బండి అమ్మి పారేస్తాను. ఇంకో మాట. బరువు సంగతి నేను చూసుకుంటాను. నాకు చెప్పకుండా ఒక్క నట్టు కూడా ఎవరూ ముట్టుకోకూడదు."

ఆ కారే లేకపోతే జీవితాంతం దర్జీ తిప్పేది కుట్టుమిషను చక్రమే. అందుకే మర్నాడు ఎవరూ లేనప్పుడు డ్రైవరు సీటు చింపి, లోపలి స్ప్రింగులూ ఇనప పట్టీలూ లాగేసి, పల్చటి కాన్వాసు బిగించి కుట్టేశాడు. సీటు చింపి తన సీటు నిలబెట్టుకుంటున్నానని మురిసిపోయాడు. ఆ కుట్టులోని కుట్ర ఎవరూ కనిపెట్టలేరని అతని ధీమా. అదే వారం ఇంట్లో అతని కంచంలోకి ఉడకబెట్టిన కూరగాయలు తప్ప ఇంకేమీ రాలేదు. ఇదేమిటని అడిగితే "ఆరోగ్యం" అంది భార్య.

ఆదివారం వచ్చింది. పందెం మైదానంలో కారునీ, అందులో కూర్చున్న దర్జీనీ కలిపి కాటా మీదికి ఎక్కించారు. ఎర్ర దీపం వెలిగింది.

"ఉండాల్సిన కనీస బరువుకి పది కిలోలు తక్కువ," అన్నాడు తూకం చూసే అధికారి. "ఇలా అయితే పందెంలోకి రానివ్వం. గంటలో సరిచేసుకు రండి. ఎక్కువైతే మాకేం అభ్యంతరం లేదు, మీ ఖర్మ."

నలుగురూ మొహమొహాలు చూసుకున్నారు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. ఆ ఇంటి చరిత్రలో అలాంటి నిశ్శబ్దం ఎన్నడూ లేదు. దర్జీకి అప్పుడే అనుమానం రావాల్సింది. కానీ అతను తన చెమట తుడుచుకునే పనిలో ఉన్నాడు. అంతా తన సీటు వల్లే!

"మీరంతా వెళ్లి టీ తాగి రండి. బండి దగ్గర నేనుంటాను," అన్నాడు.

"నువ్వెళ్లు బావా, నేనుంటా."

"మీరిద్దరూ వెళ్లండి. నేనుంటానుగా!" అన్నారు మామగారు.

కాపలాకి అంత పోటీ ఎందుకో ఎవరూ అడగలేదు. చివరికి వంతులు వేసుకున్నారు. తన వంతు రాగానే దర్జీ సీటు కుట్లు విప్పి, పక్కనే మరమ్మతులకి పోసిన కుప్పలోంచి ఇసుక సంచికెత్తి, సీటులో కూరి కుట్టేశాడు. హమ్మయ్య అనుకుంటూ బయటికి వస్తే, ఎదురుగా రెండు చేతులా నీళ్ల సీసాలతో భార్య.

"తాగండి."

"దాహంగా లేదే."

"ఎండగా ఉంది, తాగండి."

"ఇప్పుడేగా ఒక సీసా తాగించావు!"

ఈల మోగింది. తాగాడు. నడుస్తుంటే కడుపులో కడవ ఊగుతున్నట్టుంది.

రెండోసారి కాటా మీద పచ్చ దీపం వెలిగింది. వెనక ఇంకా కార్లున్నాయి, అంకె చూసే తీరిక ఎవరికీ లేదు.

జెండా ఊగగానే ఐదు కార్లు దూసుకుపోయాయి. ఆరోది మాత్రం సుష్టుగా తిన్నవాడు పీట మీంచి లేచినట్టు లేచింది. మొదటి మలుపులోనే అసలు మలుపు. ఐదుగురికీ ఒకే చోటు కావాల్సి వచ్చి, ఒకరినొకరు రాసుకున్నారు. బంపర్లు రాలాయి, అద్దాలు ఎగిరాయి, రేకులు ఊడాయి. అయినా ఎవరూ ఆగలేదు. దర్జీ తీరిగ్గా వచ్చి, ఆ కత్తిరింపు ముక్కల మధ్య సూదిలా దూరి వెళ్లాడు. చివరికి ఆరోవాడిగానే గీత దాటాడు. కానీ అప్పటికి అతని బాధ ఓడిపోవడం గురించి కాదు.

తలుపు తీయబోతుంటే అధికారి మైకుతో అడ్డొచ్చాడు. "ఆగు! మళ్లీ తూకం వేస్తాం. అయ్యేదాకా ఎవరూ దిగకూడదు."

"అర్జెంటండీ!"

"అందరికీ అర్జెంటే. వరుసలో ఉండు."

మొదట వచ్చిన కారు కాటా ఎక్కింది. ఎర్ర దీపం! దాని బంపరు మలుపులో పడి ఉంది మరి. రెండోదానికి పచ్చ. మూడోదానికి ఎర్ర. నాలుగోదానికి పచ్చ. ఐదోదానికి ఎర్ర. లెక్క కడుతున్న మామగారు ఎగిరి గంతేశారు. "అల్లుడూ, మనకి పచ్చ వస్తే మూడో స్థానం మనదే! కదలకు!"

కదలకపోవడమే ఇప్పుడు దర్జీకి పెద్ద సమస్య. దిగి పరుగెడితే కప్పు పోతుంది. దిగకపోతే ఏం పోతుందో నలుగురిలో చెప్పుకోలేడు. పళ్లు బిగబట్టి కాటా ఎక్కించాడు.

పచ్చ దీపం!

అధికారి మాత్రం అంకె చూసి కళ్లు నులుముకున్నాడు. "నలభై కిలోలు ఎక్కువా? ఏం దాచారయ్యా ఇందులో?" మైకు కట్టేయడం మరిచిపోయి వెనక తలుపు ఎత్తాడు. లోపల తాళ్లతో కట్టిన పెద్ద బ్యాటరీ కనిపించింది.

"అది నాది. మనం వచ్చిన వ్యానులోది," అన్నాడు బామ్మర్ది తల వంచుకుని. "తలుపుల లోపలి రేకులన్నీ పీకేశాను నాన్నా. తూకం తగ్గింది నా వల్లేననుకున్నా."

దాని పక్కన పనిముట్ల పెట్టె. మామగారు దగ్గారు. "అది నేను పెట్టాను. స్టెప్నీ నేనే తీసేశాను కదా."

"నట్టు కూడా ముట్టుకోకూడదన్నావు!"

"మిమ్మల్ని ముట్టుకోవద్దన్నాను. నన్ను నేను వద్దనుకోలేదు!"

"నేను మాత్రం బండి జోలికే పోలేదు," అంది భార్య. "మా ఆయన్ని తగ్గించాను. మళ్లీ నీళ్లు పోసి నింపాను."

మైకులోంచి ఇదంతా వింటున్న మైదానం పగలబడి నవ్వింది. ఎర్ర దీపం వచ్చినవాళ్లు కూడా నవ్వారు.

"సీటు నేనే చింపాను! ఇసుకా నాదే! అన్నీ ఒప్పుకున్నాను, నన్ను వదిలేయండి!" అని దర్జీ కేక పెట్టాడు.

మూడో బహుమతికి పిలిచినప్పుడు వేదిక మీదికి వచ్చింది ముగ్గురే. డ్రైవరు ఆ సీజను మొత్తంలోకీ తన అత్యుత్తమ వేగంతో మరుగుదొడ్డి వైపు వెళ్తున్నాడు.