దగ్గు తగ్గించే సెమినార్

దగ్గు తగ్గాలంటే సెమినార్‌ని మించిన మందు లేదండీ! నవ్వకండి. 2006 చలికాలంలో బందరులో ఏం జరిగిందో విని, ఆ తర్వాత మీ ఇష్టం.

చిలకలపూడిలో లాల్ అని రోల్డ్ గోల్డ్ పనివాడున్నాడు. గొలుసు కొక్కేలు చెయ్యడంలో చెయ్యి తిరిగినవాడు. మనవరాలు జోహ్రాకి పది నెలలు. మంచు పడితే చాలు, గుండెల్లో పిల్లికూతలు, ఆయాసం. అది వైరస్ అనీ, దానికి టీకా లేదనీ డాక్టరు తేల్చేశాడు. పసిదాని డొక్కలు ఎగిరెగిరి పడుతుంటే లాల్ ప్రాణం గిలగిల్లాడిపోయేది.

అలాంటి సమయంలో కాలేజీ నుంచి సోమేశ్వరరావు గారొచ్చారు. ప్రొటీన్ల ఆకారాన్ని బట్టి టీకాలు తయారుచెయ్యడం ఆయన సబ్జెక్టు. ఆ వైరస్ ప్రొటీన్ నమూనా ఒకటి సెమినార్‌కి ఇత్తడి తీగతో చేసిపెట్టమన్నారు. వైరస్ మీద ఈ ప్రొటీన్ ముడుచుకుని ఉంటుందట. ఒంట్లో కణాన్ని తాకగానే స్ప్రింగులా విచ్చుకుని లోపలికి దారి చేస్తుందట. టీకాలో ఒంటికి చూపించాల్సింది ఆ ముడుచుకున్న రూపాన్నే. కానీ ఆ పాడు ప్రొటీన్ సీసాలోనే విచ్చుకుపోతోంది! సైంటిస్టుల గోలంతా అదే.

లాల్ వారం రోజులు కూర్చుని చేశాడు. బల్ల మీద పెడితే టప్పున విచ్చుకుంది. ఊడిపోయే కొక్కేన్ని ఏం చేస్తాడో దీన్నీ అదే చేశాడు. మడత దగ్గర ఒక టంకం చుక్క వేశాడు.

"ఇంక విచ్చుకోదు సార్. అసలుదానిక్కూడా ఇక్కడే ఒక చుక్క పెట్టించండి. మా పాపకి టీకా అందుతుంది."

సోమేశ్వరరావు గారు నమూనాని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు. ఆలోచన బాగానే ఉందన్నారు. అయితే ముఖ్య అతిథి గారు వేలితో నొక్కితే అది విచ్చుకుంటుందని ప్రోగ్రాంలో అచ్చయిపోయిందట. అచ్చయ్యాక ఎవరేం చెయ్యగలరు? టంకం గీకించేశారు.

సెమినార్‌కి లాల్ జోహ్రాని చంకనేసుకుని వెళ్ళాడు. పిల్లని కళ్ళారా చూస్తే పెద్దలు తొందరపడతారని ఆశ, పిచ్చి మారాజు! అతిథి గారు నొక్కారు, నమూనా విచ్చుకుంది. చప్పట్లు, శాలువాలు. టీకా అత్యవసరమని ఏకగ్రీవంగా తీర్మానించారు. సరిగ్గా అప్పుడే జోహ్రాకి దగ్గు తెర వచ్చింది. ఎంతకీ ఆగదే! మైకులో మాట వినపడటం లేదని వాలంటీర్లు తాతనీ మనవరాలినీ మర్యాదగా గేటు దాకా సాగనంపారు.

మరుసటి ఏడాది ఇంకో సెమినార్ పెట్టారు. అంశం, ప్రొటీన్ విచ్చుకోకుండా ఆపడం ఎలా? లాల్‌కీ కార్డు వచ్చింది. అడుగున చిన్న అక్షరాల్లో, దగ్గు, ఆయాసం ఉన్నవారిని వెంట తీసుకురావద్దని మనవి అని ఉంది.

లాల్ వెళ్ళలేదు. జోహ్రా వీపు నిమురుతూ ఇంట్లోనే కూర్చున్నాడు. హాల్లో మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కరు దగ్గితే ఒట్టు!